ఎడమ చెయ్యి లేపిన కారు

నేను పదకొండు నెలలు కష్టపడి బాగు చేసుకున్న కారుని నందిగామలో నా దగ్గర్నుంచి లాక్కున్నారు. లాక్కున్నది దొంగలు కాదు, పోలీసులు కాదు. చనిపోయి అయిదేళ్ళు కావస్తున్న ఒక డాక్టరు గారు. ఆయన తరఫున ఆయన భార్య చెయ్యి చాపింది, ఊరంతా అవునవునని తల ఊపింది. అది అన్యాయం. అప్పుడూ అన్యాయమే, ఇప్పుడూ అన్యాయమే.

ఈ మధ్య మా జగ్గయ్యపేటలో కొందరు దీన్ని "సాంబయ్య తాత దయ్యాన్ని తోలిన కథ" అని చెప్పుకుని నవ్వుకుంటున్నారని తెలిసింది. నవ్వితే నాకేం బాధ లేదు. కానీ తప్పుగా చెప్పి నవ్వుతున్నారు. సరిగ్గా చెబితే ఇంకా ఎక్కువ నవ్వచ్చు. అందుకే కలం పట్టాను. ఇందులో నా తప్పు కూడా ఒకటుందని ముందే ఒప్పుకుంటున్నాను. దాని పొడవు బెత్తెడు. ఆ బెత్తెడు తప్పు ఒక ఊరి వెన్నులో చలి పుట్టించింది, ఒక ఇల్లాలి చేత చనిపోయిన మొగుడితో మాట్లాడించింది, నన్ను బస్సెక్కించి ఇంటికి పంపింది.

అరవైల మొదట్లో మాట. నాకు ఇరవై నాలుగేళ్ళు. జగ్గయ్యపేటలో బస్సులు ఆగే చోట సైకిలు షాపు. బడి చదువు అయిదో తరగతితో ఆగింది, మిగతాదంతా నాకు నేనే చెప్పుకున్న చదువు. పాత సామాన్ల కొట్లో ఒక ఇంగ్లీషు నిఘంటువు దొరికితే, దాన్ని పెట్టుకుని రోజుకి పది మాటల లెక్కన మింగాను. దానికి ఒకటే లోపం. ఆర్ అక్షరంతో అయిపోయింది. తర్వాతి పేజీల్లో ఎవరో పకోడీలు కట్టి అమ్మేశారు. అది పెద్ద లోటని అప్పుడనిపించలేదు. కారు పుస్తకం చేతికొచ్చాక తెలిసింది. స్టీరింగు, స్ప్రింగు, టైరు, ట్యాంకు, వాల్వు, వీలు, వైరు. కారులో సగం సామాను ఆ పకోడీల పొట్లాల్లో పోయింది.

ఆ కారు నందిగామ డాక్టరు గారిది. నల్లటిది, తెల్లదొరల కాలంలో ఓడ మీద దిగింది. కంపెనీ పేరు చెప్పను, ఇందులో వాళ్ళ తప్పేమీ లేదు. డాక్టరు గారు ఆ కారులోనే పోయారు. ఒక సాయంత్రం రోగుల్ని చూసి వచ్చి, ఇంటి ముందు ఆపి, దిగకుండా అలాగే కూర్చుండిపోయారు. లోపల కాఫీ కలుపుతున్న భార్య, ఇంకా రారేమిటని బయటికొచ్చి చూసింది. ఆవిడ పేరు రాజ్యలక్ష్మమ్మ గారు. నాలుగేళ్ళు ఆ కారు పాకలో పడి ఉంది. కోళ్ళు గుడ్లు పెట్టాయి, ఎలుకలు వైర్లన్నీ తిన్నాయి. పిల్లలు లేరు, నడిపేవాళ్ళు లేరు. నేను వెళ్ళి అడిగాను. ఆవిడ పాత ఇనుము కిందే ఇచ్చేసింది. ఒక్క షరతు పెట్టింది.

"ఇది మళ్ళీ నడిచిన రోజున ఒక్కసారి మా గుమ్మం ముందుకి తీసుకురా బాబూ. ఆ చప్పుడు వినాలని ఉంది."

"అలాగేనమ్మా" అన్నాను. ఎంత తేలిగ్గా అన్నానో.

నా ఆలోచన మీకు చెప్పాలి. ఆ కారుని బాగు చేసి పెళ్ళిళ్ళకి బాడుగకి తిప్పాలని. మా చుట్టుపక్కల పెళ్ళికొడుకులు ఇంకా ఎడ్లబండ్లలోనే ఊరేగుతున్న రోజులవి. మాఘమాసం ముహూర్తాలకి నల్ల కారు దిగిందంటే నా పంక్చర్ల బతుకు అక్కడితో సరి. ఆ కారే నా భవిష్యత్తు. రెండెడ్లని కట్టి దాన్ని జగ్గయ్యపేటకి లాక్కొచ్చాను. నా భవిష్యత్తుని ఎడ్లు లాగుతుంటే స్టీరింగు పట్టుకుని జమీందారులా కూర్చున్నాను.

పక్క షెడ్డులో లారీలు బాగుచేసే మస్తాన్ మేస్త్రీ వచ్చి బానెట్టెత్తి చూశాడు.

"ఇంజనుది పెద్ద పని కాదబ్బాయ్. వైరింగు ఒక్కటి నువ్వు ముట్టుకోమాక. నేను చేసి పెడతా."

"ఎందుకు మేస్త్రీ? నా దగ్గర పుస్తకం ఉంది."

"నా దగ్గర చేతులున్నాయి."

"నువ్వు అక్షరం ముక్క రానోడివి. ఇది బొమ్మ చూసి చెయ్యాల్సిన పని."

మస్తాన్ బానెట్టు మెల్లగా దింపి, చేతులు తుడుచుకుని వెళ్ళిపోయాడు. ఆ మాట అన్నందుకు నాకు తర్వాత తగిన శాస్తి జరిగింది. ఆ సంగతే రాస్తున్నాను కదా.

ఇక్కడ ఒక సామాను గురించి చెప్పాలి, లేకపోతే మీకు కథ అర్థం కాదు. ఆ కాలపు కార్లకి మలుపు తిరిగేటప్పుడు టుక్కుటుక్కుమని మెరిసే దీపాలు లేవు. రెండు తలుపుల మధ్య స్తంభంలో జానెడు రేకు చెయ్యి ఒకటి మడిచి ఉండేది. ఎడమ పక్క ఒకటి, కుడి పక్క ఒకటి. మీట తిప్పితే అది కిర్రుమంటూ అడ్డంగా లేచేది, దాని కడుపులో చిన్న నారింజ దీపం వెలిగేది. మనిషి చెయ్యి చాపినట్టే ఉండేది. డ్రైవరు కుడి పక్క కూర్చుంటాడు కాబట్టి, వీపు వెనక లేచే ఎడమ చెయ్యి అతనికి కనపడదు. ఈ చివరి ముక్క గుర్తుంచుకోండి. ఆ రోజు లోకమంతా చూసింది, నేనొక్కణ్ణే చూడలేదు.

వైరింగు మొత్తం కొత్తగా వేశాను. మా ఊళ్ళో దొరికిన వైరంతా ఒకే రంగు. ఏది ఏదో తెలియడానికి ఒక్కో దానికి ఒక్కో రంగు దారం కట్టాను. హారన్‌కి ఎర్ర దారం, పెద్ద దీపాలకి నల్ల దారం, కుడి చెయ్యికి ఆకుపచ్చ, ఎడమ చెయ్యికి పసుపు, బ్రేకు తొక్కితే వెనక వెలిగే దీపానికి తెల్లది. నా తెలివికి నేనే మురిసిపోయి ఆ రాత్రి హాయిగా పడుకున్నాను. మర్నాడు విజయదశమి. పొద్దున్నే లేచి చూస్తే కారుకి నిలువునా పసుపూ కుంకుమా. స్పానర్లకి బొట్లు. తెరిచిన బానెట్టు కింద వేలాడుతున్న దారాలన్నిటికీ తడి పసుపు.

"అమ్మా, ఇదేం పని?"

"ఏం పనేందిరా, ఆయుధపూజ. నీ సుత్తికి కూడా బొట్టు పెట్టా, చూడు."

"సుత్తికి పెట్టుకో. దారాలకెందుకు పూశావు?"

"మంగళసూత్రానికి పూయమా? దారం కనపడింది, పసుపు పూశా. అందులో నీకొచ్చిన నష్టమేంది?"

నష్టమేమిటంటే, ఎర్రది ఎర్రగానే ఉంది, నల్లది నల్లగానే ఉంది, ఆకుపచ్చది ఆకుపచ్చగానే ఉంది. తెల్లది మాత్రం పసుపైపోయింది. ఇప్పుడు నా చేతిలో రెండు పసుపు దారాలు. ఒకటి ఎడమ చెయ్యిది, ఒకటి బ్రేకు దీపానిది. ఏది ఏదో వాటిని సృష్టించిన నాకే తెలీదు. మస్తాన్ని పిలవచ్చు. అక్షరం ముక్క రానోడు అని నిన్న కాక మొన్న అన్నాను, ఏ ముఖం పెట్టుకుని పిలుస్తాను? కళ్ళు మూసుకుని ఒకటి పట్టుకుని కలిపేశాను. పరీక్షకి అమ్మని కారు వెనక నిలబెట్టి ఎడమ మీట తిప్పాను.

"వెలిగిందా?"

"వెలిగిందిరా. ఎర్రగా ఉంది, బాగుంది."

నారింజని ఎరుపంటోంది, పెద్దదై కళ్ళు మసకబారాయి పాపం అనుకున్నాను. బ్రేకు దీపం సంగతి చూడనేలేదు. నా వెనక వచ్చేవి ఎడ్లబండ్లు. నేను బ్రేకు వేస్తున్నానని ఎడ్లకి చెప్పడమెందుకు?

పండగైన మూడో రోజు మధ్యాహ్నం నందిగామకి బయల్దేరాను. మబ్బు కమ్మిన మధ్యాహ్నం, చినుకు లేదు, గాలి లేదు. మిరప చేలల్లో ఆకు కదలడం లేదు. సున్నపురాయి బండ్లు పోయి పోయి రోడ్డు పక్క చెట్లన్నీ తెల్లటి దుమ్ము పట్టి, విభూతి పూసుకున్నట్టు నిలబడి ఉన్నాయి. పెట్రోలు చాలక అందులో కాస్త కిరసనాయిలు కలిపాను. అదీ నా సొంత తెలివే, పుస్తకంలో లేదు. ఇంజను వేడెక్కేకొద్దీ వెనక సీట్లోంచి ఒక వాసన రావడం మొదలైంది. స్పిరిటు వాసన. సూది గుచ్చే ముందు దూదితో తుడుస్తారే, ఆ వాసన. కారులో నేనొక్కణ్ణే ఉన్నాను. పాత సీటు కొబ్బరిపీచు ఏళ్ళ తరబడి పీల్చుకున్న వాసన, వేడికి బయటికొస్తోందని నాకు నేను చెప్పుకున్నాను. రెండుసార్లు చెప్పుకున్నాను. మూడోసారి గట్టిగా చెప్పుకున్నాను.

చిల్లకల్లు దాటాక గేదెల మంద అడ్డం వస్తే బ్రేకు వేశాను. రోడ్డుకి ఎడమ పక్క గడ్డి కోస్తున్న ఒకామె తలెత్తి చూసి, కొడవలి కింద పెట్టి, లేచి దణ్ణం పెట్టింది. నాకు ఛాతీ ఉప్పొంగింది. ఇంకో చోట కుంట దగ్గర బ్రేకు వేస్తే ఎడమ పక్కనున్న ముసలాయన తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. నందిగామ దగ్గర పడేకొద్దీ ఈ మర్యాదలు ఎక్కువయ్యాయి. ఒక సంగతి మాత్రం గమనించాను. ఎడమ పక్కవాళ్ళే నన్ను గౌరవిస్తున్నారు. కుడి పక్కవాళ్ళు చూసీ చూడనట్టు పోతున్నారు. కుడి పక్కవాళ్ళకి పొగరెక్కువ అని తీర్మానించాను.

ఊళ్ళోకి వచ్చాక మర్యాద రంగు మారింది. అరుగు మీద చింతపండు ఒలుస్తున్న ఆడవాళ్ళు నేను బ్రేకు వేయగానే మాట ఆపేశారు. ఒకామె చంకలో బిడ్డని లోపలికి తీసుకెళ్ళి తలుపేసింది. గడియ వేసిన చప్పుడు నాకు వినపడింది. ఇంకో ఇంట్లోంచి ఇద్దరు కలిసి ఒక మంచం మోసుకొచ్చి గుమ్మం ముందు పెట్టారు. దాని మీద దుప్పటి కప్పుకున్న పెద్దాయన నా వైపు కాదు, నా వెనక సీటు వైపు చూస్తూ నాలిక బయటపెట్టాడు, డాక్టరుకి చూపించినట్టు. మేఘాలు ఇంకా కిందికి దిగినట్టు అనిపించింది. వీధిలో నా కారు చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు.

నోరెండిపోయి ఏసోబు సోడా కొట్టు ముందు ఆగాను. అక్కడ రోడ్డు కొంచెం పల్లం. హ్యాండ్ బ్రేకుని నమ్మలేక కాలు బ్రేకు మీదే ఉంచి, తాళం తిప్పి చెవి బయటికి తీశాను. ఇంజను ఆగలేదు.

చెవి నా అరచేతిలో ఉంది. చూసుకున్నాను. ఇంజను మాత్రం డుబుక్, డుబుక్ అంటూ ఆడుతూనే ఉంది, ఎవరో ఇంకా పనుంది ఉండవయ్యా అన్నట్టు. కొట్టు గోడకి నిలువెత్తు అద్దం ఉంది. తల తిప్పి అందులోకి చూశాను. అందులో నా కారు, నా మొహం, నా వీపు వెనక అడ్డంగా చాపి ఉన్న ఒక చెయ్యి. నారింజ దీపం వెలుగుతోంది. మీట వైపు చూశాను. మీట నిటారుగా ఉంది.

ఏసోబు సోడా కొట్టకుండా సీసా పట్టుకుని నిలబడిపోయాడు.

"ఆ చెయ్యి నువ్వు లేపావా అబ్బాయ్?"

"లేదండి."

"మరెవరు లేపారు?"

ఏసోబు గొంతు తగ్గించాడు. "డాక్టరు గారికి అదే అలవాటు. ఎక్కడ ఆగినా ఎడమ చెయ్యి చూపించే ఆగేవాడు. కుడి పక్క ఇంటికొచ్చినా ఎడమ చెయ్యే. పెద్దవాళ్ళ పద్ధతులు మనకెందుకని ఎవరం అడగలా. ఆయన పోయిన రోజు కూడా చెయ్యి లేచే ఉంది. మనిషిని కిందికి దింపిందాకా దిగలా. నేనే దింపా, చూశా."

సోడా తాగకుండానే కాలు సడలించాను. బండి పల్లంలో తనంతట తనే కదిలింది. ఇక్కడ నేను నడిపానని చెప్పుకోను. అది వెళ్ళింది, నేను లోపల ఉన్నాను.

రాజ్యలక్ష్మమ్మ గారు గేటు దగ్గర నిలబడి ఉంది. చప్పుడు విని వచ్చినట్టుంది, చేతికింకా పిండి అంటి ఉంది. బ్రేకు వేశాను. ఆవిడ నా వైపు చూడలేదు. చుట్టూ తిరిగి ఎడమ పక్కకి వచ్చింది. లేచి ఉన్న ఆ చెయ్యి కింద నిలబడి వెనక తలుపు తెరిచింది. మందుల సంచీ అందుకోవడానికి చాపినట్టు రెండు చేతులూ చాపింది.

"ఇంత ఆలస్యమైందేం?" అంది.

ఆవిడ అడిగింది నన్ను కాదు. నా వెనక ఎవరూ లేరు. వెనక్కి తిరిగి చూసే ధైర్యం కూడా లేదు, ఎందుకంటే ఎవరైనా ఉంటే? స్పిరిటు వాసన గుప్పుమంటోంది. కాలు బ్రేకు మీంచి జారింది. కిర్రుమని చెయ్యి దిగింది. అదే క్షణంలో ఇంజను ఒక్కసారి దగ్గి ఆగిపోయింది.

"దిగారు" అంది ఆవిడ, చాలా మెల్లగా.

ఆ తర్వాత జరిగినదాన్నే నేను అన్యాయమంటున్నాను. ఊరి పెద్దమనుషులు నలుగురు పోగయ్యారు. కారుని అక్కడే ఉంచమన్నారు. ఇది నాకు అమ్మిన కారు, అమ్మగారే అమ్మారు అన్నాను. వాళ్ళలో కాస్త లోకజ్ఞానం ఉన్న ఒకాయన అడిగాడు.

"కాగితం ఎవరి పేరు మీదుంది?"

"ఇంకా మార్పించలేదండి. డాక్టరు గారి పేరే ఉంది."

"అదీ సంగతి. సొంతదారుడే వచ్చి కూర్చుంటే మధ్యన నువ్వెవరివయ్యా?"

మీరే చెప్పండి, దీనికి ఏ కోర్టుకెళ్ళాలి? ఆవిడ కూడా నా చేతిలోంచి చెవి మెల్లగా తీసుకుని, "తప్పుగా అనుకోకు బాబూ. ఆయన వచ్చాక ఎట్లా పంపిస్తాను?" అంది. నేను బస్సులో ఇంటికొచ్చాను. నా ఒళ్ళో మిగిలినవి నా స్పానర్లు, వాటి మీద అమ్మ పెట్టిన బొట్లు.

జ్వరం తగిలి రెండు రోజులు మంచం పట్టాను. మూడో రోజు మస్తాన్ చూడ్డానికొచ్చాడు. అంతా చెప్పాను. ఆయన నవ్వలేదు, బీడీ వెలిగించుకున్నాడు.

"ఇంజను ఆగకపోవడానికి దయ్యమెందుకు? నువ్వు కిరసనాయిలు పోశావు. లోపల మసి కణకణలాడుతుంటే తాళం తీసినా మండుద్ది. అది సరే, ఒక్కటి చెప్పు. చెయ్యి లేచినప్పుడల్లా నీ కాలు ఎక్కడుంది?"

చిల్లకల్లు దగ్గర గేదెలు. కుంట. సోడా కొట్టు. గేటు. ప్రతిచోటా నా కాలు ఎక్కడుందో ఒక్కొక్కటే కళ్ళ ముందుకొచ్చింది. దుప్పటి మొహం మీదికి లాక్కున్నాను.

"బ్రేకు మీద" అన్నాను దుప్పట్లోంచి.

"పుస్తకంలో అట్లా రాసుందా?" అని మాత్రం అడిగి వెళ్ళిపోయాడు.

మర్నాడే వెళ్ళి చెప్పేయాల్సింది. చెబితే కారు నాకొస్తుంది, మాఘమాసం నాదవుతుంది. కానీ చెప్పడమంటే, జగ్గయ్యపేట నుంచి నందిగామ దాకా అందరి ముందూ, నాకు రెండు వైర్లు సరిగ్గా కలపడం రాదని ఒప్పుకోవడం. ఇరవై నాలుగేళ్ళ వయసులో అది ప్రాణం పోయినంత పని. ఇవాళో రేపో అనుకుంటూ ఉండగా ఆవిడే కబురు పెట్టింది. శుక్రవారం శుక్రవారం వచ్చి కారుని ఒక్కసారి వీధులన్నీ తిప్పి పెట్టాలట. డాక్టరు గారు ఊళ్ళో తిరిగే రోజు అదేనట. నా కారుకి నన్నే డ్రైవరుగా పెట్టుకుంది, జీతం లేకుండా.

వెళ్ళాను. ఆవిడ మందుల సంచీ ఒళ్ళో పెట్టుకుని వెనక సీట్లో కూర్చుంది. నేను చేసిన తప్పు నాకు తెలుసు కాబట్టి, ఆ రోజు బ్రేకు ముట్టుకోకూడదని ఒట్టు పెట్టుకున్నాను. ఎదురుగా ఏదొచ్చినా పక్కకి తిప్పాను. ఒక గడ్డివాములోంచి కొంత, ఒక కోళ్ళగంప మీదుగా కొంత ప్రయాణం చేశాను. గేటు దగ్గర హ్యాండ్ బ్రేకు లాగితే కారు పది గజాలు ముందుకెళ్ళి ఏసోబు సోడా పెట్టెల్ని ముద్దుపెట్టుకుని ఆగింది. చెయ్యి లేవలేదు. గెలిచాననుకున్నాను. వెనక్కి తిరిగి చూస్తే ఆవిడ సంచీ గట్టిగా పట్టుకుని ఆ స్తంభం వైపే చూస్తోంది.

"ఇవాళ రాలేదు" అంది. "నాతో మాటా మాటా వచ్చినప్పుడల్లా ఇట్లాగే ముభావంగా ఉండేవారు. నిన్న ఆయన చొక్కా ఒకటి ఏసోబు తమ్ముడికిచ్చాను. అందుకేనేమో."

ఆ మొహం చూసి నేను చేసిన పని ఇప్పుడు చెబుతుంటే కూడా సిగ్గుగా ఉంది. కాలు తీసి బ్రేకు మీద పెట్టాను. కిర్రుమని చెయ్యి లేచింది. ఆవిడ కళ్ళు తుడుచుకుని నవ్వింది. ఇన్నాళ్ళూ తెలియక చేసిన తప్పు అది. ఆ రోజు తెలిసి చేశాను.

ఆ శుక్రవారాలు ఎన్నని చెప్పను. పుష్యమాసం వచ్చింది. పొద్దున పూట మంచు నేల మీద పాకుతున్న ఒక శుక్రవారం ఆవిడ కొత్త ధోవతి ఒకటి తెచ్చి వెనక సీట్లో మడిచి పెట్టింది. ఆయనకట. ఇక నా వల్ల కాలేదు. కారు దిగి ఆవిడ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాను. దారాలు, పసుపు, అమ్మ, నిఘంటువు, పకోడీలు, మస్తాన్, అన్నీ చెప్పేశాను.

"చూపించు" అంది చివరికి.

ఆవిడని ఎడమ పక్క నిలబెట్టి, నేను కూర్చుని, ఇప్పుడు తొక్కుతున్నానని చెప్పి తొక్కాను. చెయ్యి లేచింది. ఇప్పుడు తీస్తున్నానని చెప్పి తీశాను. చెయ్యి దిగలేదు. మంచులో ఆ నారింజ దీపం ఆరిపోయింది, చెయ్యి మాత్రం అలాగే చాపి ఉంది. నేను దిగి వచ్చాను. ఇద్దరం దాని ముందు నిలబడ్డాం. రేకు తుప్పు పట్టి ఇరుక్కుందని నాకు తెలుసు. తెలిసినా చేతుల మీద రోమాలు నిలబడ్డాయి. కాసేపటికి అది చాలా నెమ్మదిగా, అలిసిపోయినట్టు, దానంతట అది దిగింది.

ఆవిడ లోపలికి వెళ్ళింది. మజ్జిగ గ్లాసుతో పాటు కారు చెవి తెచ్చి నా చేతిలో పెట్టింది. కాగితం కూడా నా పేరుకి మార్పించింది. మాఘమాసంలో ఆ కారు ఎనిమిది మంది పెళ్ళికొడుకుల్ని మోసింది. వైరింగు మస్తాన్ చేశాడు. నేను పక్కన లాంతరు పట్టుకుని నిలబడ్డాను. ఆ నాడే ఆ లాంతరు సాక్షిగా ప్రమాణం చేశాను, ఇప్పుడు మీ అందరి ముందు మళ్ళీ చేస్తున్నాను. నా కంఠంలో ప్రాణముండగా ఏ వైరునీ ఇంకో వైరుతో కలపను. ఆయుధపూజ రోజున ఇంట్లో దారం ముక్క కనపడనివ్వను. ఎవరికి అక్షరం వచ్చో ఎవరికి రాదో నోరెత్తను. మా ఇంట్లో బల్బు మాడిపోతే ఈనాటికీ మనిషి రావాల్సిందే. మా మనవరాలు నవ్వుతుంది, నవ్వనీండి.

ఇన్ని చెప్పాను, కానీ నన్ను ఇన్నేళ్ళుగా ఉడికిస్తున్నది కారు లాక్కోవడం కూడా కాదు. ఆ మంచు పొద్దున మజ్జిగ తాగి నేను అడిగిన ఒక్క ప్రశ్నకి ఆవిడ ఇచ్చిన జవాబు. "అమ్మా, మీరు చదువుకున్నవారు, డాక్టరు గారి భార్య. ఒక రేకు ముక్క లేస్తే ఆయనే వచ్చారని ఎట్లా నమ్మారు?" అన్నాను. ఆవిడ కారు వైపు చూసి చెప్పింది.

"ఆయన కూడా మెకానిక్కుని దగ్గరికి రానిచ్చేవారు కాదు బాబూ. అన్నీ తనే బాగుచేసుకునేవారు. కారు కొన్న కొత్తల్లోనే ఆ రెండు వైర్లూ తారుమారు చేసి కలిపారు, బ్రేకు తొక్కితే ఎడమ చెయ్యి లేచేది. అది తప్పని చచ్చేదాకా ఒప్పుకోలేదు, అదే మర్యాద అనేవారు. అంత తెలివితక్కువగా వైరు కలిపే మనిషి ఈ లోకంలో ఆయనొక్కరే అనుకున్నాను. ఇంకొకడున్నాడని నాకెట్లా తెలుస్తుంది?"